ఊపిరి బిగపట్టి

ఆరు రోజులూ నా నోట ఒకటే మాట.
"బాగా పీల్చండి. బిగపట్టండి. కదలకండి."
ఎర్రగడ్డ ఆస్పత్రిలో, చల్లటి పలకకు ఛాతీ ఆనించి
మేస్త్రీలు, ముసలాళ్లు, చున్నీ తీసి చేత పట్టుకున్న పిల్లలు
నేను "వదలండి" అనేదాకా
అట్లాగే నిలబడిపోతారు.

ఏడోరోజు ఆ మాట నాకు నేనే చెప్పుకుంటాను.

చీకటుండగానే లేచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరేసి
స్కూటర్‌ని సందు చివరిదాకా తోసుకెళ్లి అక్కడ స్టార్ట్ చేస్తాను.
కోఠీలో పాతది కొన్న లెన్సు, ఇంకా ఏడు కిస్తీలున్నాయి,
తువ్వాల్లో చుట్టి కాళ్ల మధ్య పెట్టుకుంటాను.
"పిట్టల కోసం పోయినోడు కూరకు తేవాలి గానీ
ఫొటో తెస్తాడేంటి" అంటుంది మా సుభాషిణి.
అన్నాక ఫ్లాస్కులో టీ పోసి ఇస్తుంది.

అమీన్‌పూర్ చెరువు కట్ట మీద ఈమధ్య
పిట్టలకన్నా మేమే ఎక్కువ.
ఆకురంగు చొక్కాలు, ఫిరంగుల్లాంటి లెన్సులు.
ఒకాయన ఫోన్లో మగపిట్ట కూత పెట్టి
పొదలోని ఆడపిట్టను బయటికి రప్పించాడు.
వచ్చింది. వెతికింది.
కొమ్మ మీద అటు తిరిగి, ఇటు తిరిగి, మళ్లీ వెతికింది.
ఇరవై షట్టర్లు టపటపమన్నాయి, అందులో నాదొకటి.
ఆ ఫొటో చాలా బాగా వచ్చింది.
ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

అప్పటినుంచీ కట్ట దిగి వెంచర్ల వైపు పోతున్నాను.

కంకర, తుమ్మలు, సున్నం కొట్టిన హద్దురాళ్లు.
నలభై ఆరో ప్లాటులో
రాళ్ల మధ్య రాళ్లలాగే నాలుగు గుడ్లు.
ఇంకొక్క అడుగేస్తే నా బూటు కింద.
ఎప్పుడు లేచిందో తీతువు,
నెత్తిమీద తిరుగుతూ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.
చిన్నప్పుడు ఆ కూత వినబడితే
మా అమ్మ "నీ నోట్లో మన్నుబడ" అని గుమ్మంలో నీళ్లు చల్లేది.

వాచ్‌మన్ పెంటయ్య కుర్చీ అక్కడికే లాక్కొచ్చుకున్నాడు.
"చెడ్డపిట్ట అంటరు సారూ. నేను సూసింది చెప్త ఇను.
ఎండ ముదిరితె మొగది పోయి గుంటల కూసుంటది,
పొట్ట తడుపుకొని నడుసుకుంట వొచ్చి గుడ్ల మీద కూసుంటది.
అది రాంగనె ఆడది లేసి పోతది.
పొద్దంత గిదే డ్యూటీ.
గింత తిప్పల పడేది ఎవల చావు కోరుతది?"

సోమవారం రోడ్డు వెయ్యడానికి జేసీబీ వస్తుందట.
జెండా పాతుదామంటే వద్దన్నాడు,
కుక్కలకు మనమే దారి చూపినట్టవుతుందని.
డ్రైవరుకు చాయ్ తాపి చెప్తాడట.
రాసిచ్చిన నా నంబరు టోపీలో పెట్టుకున్నాడు.

కంకరలో బోర్లా పడుకున్నాను. మోచేతులు మండుతున్నాయి.
లెన్సులో అది: ముక్కు దగ్గర ఎర్రతోలు, పసుపు కాళ్లు,
పొట్ట ఈక చివర ఒక్క మురికినీటి బొట్టు
రాలబోతూ, రాలకుండా.
బాగా పీల్చు. బిగపట్టు. కదలకు.
అది కదల్లేదు.
నేనే కదిలాను.

బొమ్మంతా మసక. ఆస్పత్రిలో అయితే
చీటీ మీద "మళ్లీ" అని రాసి ఇంకోసారి నిలబెట్టేవాణ్ణి.

సోమవారం, పదకొండున్నర.
పెంటయ్య ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు.
టోకెన్ ముప్పై ఎనిమిది. బోరబండ నుంచి ఒక పెద్దాయన.
చిక్కిపోయిన వీపు, చర్మం కింద
రెండు రెక్కలు ముడిచి పెట్టినట్టు ఎముకలు.
"బాగా పీల్చండి. బిగపట్టండి. కదలకండి."
మీట నొక్కాను.
బయట రోడ్డు మీద ఏదో పెద్ద బండి
కీచ్ కీచ్‌మంటూ వెనక్కి నడుస్తోంది.
వింటూ ఎంతసేపు నిలబడ్డానో,
అద్దం అవతలి నుంచి, తల తిప్పకుండా,
ఉన్న కాస్త గొంతుతో పెద్దాయన
"ఇగ ఇడువాల్నా సారూ?"